వాలు నేలకు 3/16 అంగుళాల మేపుల్ గొట్టం: పంపు లేకుండా రసం లాగుతుందా?

కాచి సిరప్ చేసుకునే మేపుల్ చెట్టు రసం పట్టడానికి 3/16 అంగుళాల లోపలి వ్యాసం గల సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని అమ్మే దుకాణాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. మీ నేల వాలుగా ఉంటే పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, రసం కిందికి దిగుతూ తన బరువుతోనే చెట్టులోని మిగతా రసాన్ని లాగుకుంటుంది అని. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, గ్రీన్ పర్వతాల పడమటి వాలులో ఉన్న షుగర్ మేపుల్ చెట్లకు ఈ గొట్టాన్ని వేసి, కొత్తగా ఉన్నప్పుడూ పాతబడిన తరువాతా దాని తీరు గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణాల మాట అబద్ధం కాదు. అయితే ఆ వాలు ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పరు. చెట్ల మధ్య వాలు ఉన్నంత మాత్రాన ఈ గొట్టం పనిచేయదు. అన్నిటికంటే దిగువనున్న చెట్టు దాటిన తరువాత కూడా నేల ఇంకా పల్లానికి దిగుతూ ఉండాలి. కొనే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో నాలుగైదు ఎకరాల అడవి నేలతో ఇల్లు కొనుక్కున్నవారు సరదాగా మేపుల్ రసం పట్టడం మొదలుపెట్టవచ్చు కనుక, నేపథ్యం కొంత చెప్పడం అవసరం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి రోజుల వరకు, రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగేంత వెచ్చదనం ఉన్నప్పుడు చెట్టు లోపల ఒత్తిడి పెరిగి, కాండానికి వేసిన చిన్న రంధ్రం గుండా రసం బయటికి వస్తుంది. మార్చి మొదటి మంగళవారం ఊరూరా జరిగే టౌన్ మీటింగ్ నాటికి చెట్లకు ట్యాపులు (రంధ్రం వేసి బిగించే రసపు ముక్కులు) పడాలని వెర్మాంట్ పాతకాలపువారి లెక్క. గొట్టాలు వేసుకున్నవారు ఇప్పుడు అంతకు ముందే మొదలుపెడుతున్నారు. రసంలో చక్కెర సాధారణంగా 2 శాతం దగ్గర ఉంటుంది, అంటే ఒక గ్యాలన్ సిరప్ కోసం సుమారు 43 గ్యాలన్ల రసం కాచాలి. అంత రసాన్ని బకెట్లతో, మోకాలి లోతు మంచులో, వాలు మీద మోయడం ఎంత శ్రమో ఒక సీజన్ చేసినవారికే తెలుస్తుంది. 1950ల చివరి నుంచి ప్లాస్టిక్ గొట్టాలు ఇక్కడి అడవుల్లోకి రావడానికి కారణం అదే. పెద్ద తోటలవారు 5/16 అంగుళాల గొట్టాలను చెట్ల నుంచి తెచ్చి, ఉక్కు తీగ మీద కట్టిన లావు మెయిన్‌లైన్‌కు కలిపి, చివరన వాక్యూమ్ పంపు పెడతారు. యాభై, అరవై చెట్లున్నవారికి ఆ ఖర్చు గిట్టదు.

సన్న గొట్టం వచ్చింది ఇలాంటి చిన్న తోటల కోసమే. వెర్మాంట్ విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ విభాగంలో మేపుల్ నిపుణుడిగా పనిచేసిన టిమ్ విల్మాట్ 2010 ప్రాంతంలో దీని మీద ప్రయోగాలు చేసి వ్యాప్తిలోకి తెచ్చారు. అండర్‌హిల్‌లో 1946 నుంచి నడుస్తున్న ఆ విశ్వవిద్యాలయపు ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఈ రంగంలో అందరూ సలహాకు ఆశ్రయించే చోటు. సూత్రం తేలికైనదే. 5/16 గొట్టంలో రసం అడుగున పారుతుంది, దాని మీద గాలి ఉంటుంది. రసమూ గాలీ పక్కపక్కనే ప్రయాణిస్తాయి కనుక నీటి స్తంభం ఏర్పడదు. 3/16 గొట్టం లోపలి దారి ఎంత ఇరుకంటే, చెట్టు నుంచి రసంతోపాటు వచ్చే గాలి పక్కకు తప్పుకోలేక, బుడగలుగా రసం ముక్కల మధ్య ఇరుక్కుని వాటితోపాటే కిందికి దిగుతుంది. అలా గొట్టమంతా నిండిన రసం దిగువకు జారుతూ పైనున్న దానిని లాగుతుంది. చెట్టు రంధ్రం దగ్గర బయటి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి ఒత్తిడి అంతంతమాత్రంగా ఉన్న రోజున కూడా రసం వస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. ఈ లాగుడు బలాన్ని, అంటే వాక్యూమ్‌ను, పాదరస మట్టంలో అంగుళాలుగా కొలుస్తారు. ఒక్కో అడుగు దిగుడుకు సుమారు 0.88 అంగుళాల వాక్యూమ్ వస్తుంది. 15 అడుగుల దిగుడు ఉంటే 13 అంగుళాలు, 30 అడుగులు ఉంటే 26 అంగుళాలు. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనమే 30 అంగుళాలకు కాస్త తక్కువ, ఎత్తుకు వెళ్లినకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది, కనుక కొండ మీద ఎంత దిగుడు ఉన్నా 27, 28 దాటి ఆశించకూడదు. పైగా గొట్టంలో బుడగలు ఉన్నంత మేరకు స్తంభం బరువు తగ్గుతుంది కాబట్టి, కాగితం మీది అంకె కన్నా గేజి చూపే అంకె ఎప్పుడూ కొంత తక్కువే. వాక్యూమ్ ఒక్కో అంగుళం పెరిగితే రసం 5 నుంచి 7 శాతం పెరుగుతుందన్నది ఈ వృత్తిలో అందరూ వాడే లెక్క. 20 అంగుళాలు నిలబడితే దిగుబడి రెట్టింపుకు చేరుతుందంటే అది అమ్మకపు మాట కాదు, నేను చూసినదీ దానికి దగ్గరగానే ఉంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒక చెట్టుకు అందే వాక్యూమ్ ఆ చెట్టు కింది నుంచి గొట్టం చివరి వరకు ఉన్న దిగుడును బట్టి వస్తుంది, దానికి పైన ఎంత కొండ ఉందన్నదానితో సంబంధం లేదు. రసం ట్యాంకుకు 45 అడుగుల ఎత్తున పై చెట్టు, 20 అడుగుల ఎత్తున కింది చెట్టు ఉన్న వరుసలో పైవాటికి పూర్తి లాగుడు, కింది చెట్టుకు కూడా 17 అంగుళాల వరకు లాగుడు అందుతుంది. అదే కొండ మీద ట్యాంకును కింది చెట్టు మొదట్లోనే పెడితే, ఆ చెట్టుకు అందేది దాదాపు సున్నా, దాని పైనున్న రెండు మూడు చెట్లకు నామమాత్రం. కనుక ట్యాంకు చెట్లకు ఎంత దూరమైతే అంత మంచిది, ఆ దూరమంతా పల్లానికే అయి ఉండాలి. నడవడానికి వీలుగా ఉందని ట్యాంకును చెట్ల పక్కనే పెట్టుకునే అలవాటు బకెట్ల కాలం నుంచి వచ్చింది. ఈ గొట్టం వేసేవారు ఆ అలవాటు మానుకోవాలి. దారి చెట్ల దిగువనే ఉండి, అక్కడి నుంచి నేల చదునైపోతే, డబ్బు ఖర్చు పెట్టకుండా ఆగిపోవడం మేలు.

ఇక వస్తువు విషయం. లీడర్, సీడీఎల్, లాపియర్, డొమినియన్ అండ్ గ్రిమ్ వంటి సంస్థలన్నీ ఈ కొలతలో గొట్టాలు అమ్ముతున్నాయి, రోల్‌కు 500 అడుగులు సాధారణం. వాటి మధ్య తేడా కన్నా మెత్తని గొట్టానికీ గట్టి గొట్టానికీ మధ్య తేడా ఎక్కువ. గట్టిది సాగదు, బిగుతు నిలుపుకుంటుంది, అయితే చలిలో ఫిట్టింగు (గొట్టాలను కలిపే ముక్క) ఎక్కించడం ఓపికకు పరీక్షే. చెట్టు చెట్టుకూ చుట్టి బిగించే చోట గట్టిదీ, చెట్టుకు వేలాడే పొట్టి డ్రాప్ లైన్లకు మెత్తనిదీ తీసుకోవడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం. రంగు వేసిన గొట్టం కన్నా లోపల బుడగలు కనిపించే పారదర్శకమైనది తీసుకోవాలి, ఎందుకంటే లీకును వెతకడానికి మనకున్న సాధనం కన్నే. కొత్తవారు తడబడే ఒక విషయం ఏమిటంటే, గొట్టం 3/16 అయినా చెట్టులోకి దిగే స్పౌట్ (రసం కారే ముక్కు) మొన మాత్రం 5/16 అంగుళాలదే. ఆ కొలత డ్రిల్ బిట్టుతోనే రెండు అంగుళాల లోతు మించకుండా రంధ్రం వేయాలి, స్పౌట్ వెనుక గొట్టం ఎక్కించే ముల్లు మాత్రం 3/16ది అయి ఉండాలి. 5/16 గొట్టానికి వచ్చే టీలూ (T ఆకారపు ఫిట్టింగులు) స్పౌట్‌లూ దీనికి సరిపోవు, కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడు ప్రతి ఫిట్టింగు కొలతా విడిగా చూసుకోవాలి.

పనిముట్లలో రెండు చేతుల పట్టకారు వంటి ట్యూబింగ్ టూల్ ఒకటి తప్పనిసరి. గొట్టం రెండు కొసలను పట్టి, నడిమి ముక్క కోసి, టీని లోపలికి నొక్కి, బిగుతు చెడకుండా వదలడానికి వేరే సాధనం లేదు. ఇది గొట్టం కన్నా ఖరీదు అనిపిస్తుంది, అయినా దాన్ని మానుకుని చేతులతో నెట్టేవారి టీలే వారం తిరక్కముందే ఊడివస్తాయి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లి గొట్టం కొసను కాసేపు ముంచితే ముల్లు సులువుగా ఎక్కుతుంది. ఇక్కడి పాతవారందరూ చేసేది ఇదే, ప్యాకెట్ మీద మాత్రం రాసి ఉండదు.

వేయడానికి ఆకులు రాలిన తరువాత, చలి ముదరక ముందు రోజులు అనుకూలం. పై చెట్టుకు కొస కట్టి, రోల్‌ను విప్పుకుంటూ, ఒక చెట్టుకు ఎడమగా, మరో చెట్టుకు కుడిగా తిప్పుతూ దిగాలి. తీగ అవసరం లేకుండా ఆ వంపుల రాపిడే గొట్టాన్ని నిలబెడుతుంది. ప్లాస్టిక్ చలికి కుంచించుకుని బిగుస్తుంది, ఎండకు సాగి జారుతుంది. జారిన చోట పొట్ట ఏర్పడితే అక్కడ రసం నిలిచి, మర్నాడు ఉదయం మిగతా గొట్టం కరిగినా ఆ ముక్క గడ్డకట్టి దారి మూసేస్తుంది. సమతలంగా పోయే గొట్టం సన్నదైనా లావుదైనా దండగే, ఎక్కడా ఎదురు ఎక్కకుండా చివరి వరకు దిగుతూనే పోవాలి. నేల కొంచెం ఎగుడైన చోట గొట్టాన్ని చెట్టు మీద ఎత్తుగా పట్టుకుని, దిగువన తక్కువ ఎత్తులో కట్టి సరిదిద్దుకోవచ్చు. మంచు మేట మీద నిలబడి ఛాతీ ఎత్తులో కట్టిన గొట్టం ఏప్రిల్‌లో తలకు అందనంత పైకి పోతుంది, కనుక మంచు లేని రోజున చేసే కొలతలే నమ్మదగినవి. దుప్పులు, దుప్పుల కన్నా మూస్‌లు (దుప్పి జాతికే చెందిన భారీ జంతువులు) నడిచే దారిని అడ్డగిస్తే, పగిలిన గొట్టమే మీకు సమాధానం చెబుతుంది.

ఒక గొట్టానికి ఎన్ని ట్యాపులు పెట్టవచ్చన్న దగ్గర కిట్ల మీది మాటకూ అనుభవానికీ తేడా ఉంది. నిటారైన వాలులో 30, 35 వరకు నడుస్తుందని చెబుతారు. నా ఉద్దేశంలో 20, 25 దగ్గర ఆపడం మంచిది. ఇరుకు దారిలో రసం ఎక్కువైన కొద్దీ రాపిడికి వాక్యూమ్ ఖర్చైపోతుంది, గట్టిగా కారే రోజునే, అంటే మనకు అన్నిటికన్నా కావలసిన రోజునే, ఆ నష్టం ఎక్కువ. మరీ తక్కువ ట్యాపులు పెట్టినా స్తంభం నిండడానికి సరిపడా రసం రాదు, అయిదారు చెట్ల కోసం ఈ గొట్టం వేయడంలో అర్థం లేదు. వరుసకు ఒక వాక్యూమ్ గేజి పై కొసన తగిలించడం చిన్న ఖర్చు, దాని ఉపయోగం మాత్రం పెద్దది. పైన 20 చూపిస్తున్నంత సేపు కిందికి దిగి వెతకనక్కర్లేదు. 8కి పడిపోతే ఉడుత ఎక్కడో కొరికిందనో, స్పౌట్ వదులైందనో అర్థం. బుడగలు నింపాదిగా దిగుతుంటే అది చెట్టు గాలి, తొందరగా పరుగెత్తుతుంటే అది లీకు. సన్న గొట్టంలో ఒక్క లీకు కూడా మొత్తం వరుస లాగుడును దెబ్బతీస్తుంది, ఈ విషయంలో ఇది 5/16 కన్నా సున్నితమైనది.

మొదటి సీజన్ ఫలితం చూసి ఎవరైనా ఈ గొట్టాన్ని తెగ మెచ్చుకుంటారు. రెండో సీజన్, మూడో సీజన్ మాట వేరు. రసంలో చక్కెర ఉంది కాబట్టి సూక్ష్మజీవులు చేరతాయి, వాటి జిగట పొర గొట్టం లోపలి గోడకు అంటుకుంటుంది, ఎండి ముక్కలై ఊడి టీల ఇరుకు రంధ్రాలలో చిక్కుకుంటుంది. అనంతపురం జిల్లాలో డ్రిప్ వేసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఉప్పు, నాచు చేరి డ్రిప్పర్లు మూసుకుపోతే ఏటా యాసిడ్‌తో, క్లోరిన్‌తో లేటరల్స్ (మొక్కల వరుసల వెంట వేసే సన్న గొట్టాలు) కడగకపోతే చివరి మొక్కకు నీరందదని అక్కడ అందరికీ తెలుసు. మేపుల్ గొట్టంలో కూడా మూతపడేది దాదాపు ఎప్పుడూ ఫిట్టింగు దగ్గరే, దాని పైనున్న చెట్లన్నిటికీ వాక్యూమ్ పోతుంది. బయటికి ఏదీ కనిపించదు, రసం కొంచెం తగ్గిందని మాత్రమే అనిపిస్తుంది, సీజన్ సరిగా లేదని వాతావరణాన్ని నిందించడానికి అదే సరిపోతుంది. గేజి ఉన్నవారికి మాత్రం అసలు కారణం తెలుస్తుంది.

దీనికి మందు శుభ్రం చేయడమే. ట్యాపులు తీసిన వెంటనే గొట్టాన్ని మంచి నీటితో కడిగి, కాల్షియం హైపోక్లోరైట్ కలిపిన ద్రావణం నింపి కొంతసేపు ఉంచి వదిలేయడం ఇక్కడ ప్రాచుర్యంలో ఉన్న పద్ధతి. ఇంటి బట్టల బ్లీచ్ సోడియం రకానిది, దాని ఉప్పు కోసం ఉడుతలు గొట్టాలను కొరికి పాడుచేస్తాయి కాబట్టి అది వద్దు. మరుసటి ఏడు మొదట వచ్చే రసాన్ని పారబోయాలి. స్పౌట్‌లు మాత్రం ప్రతి ఏడూ కొత్తవే వాడాలి. చెట్టు రాత్రి గడ్డకట్టేటప్పుడు గొట్టంలోని రసాన్ని వెనక్కి పీల్చుకుంటుంది, పాత స్పౌట్‌లో పేరుకున్న మలినమంతా దానితో రంధ్రంలోకి చేరి, రంధ్రం తొందరగా ఎండిపోతుంది. ఆ వెనక్కి పీల్చడాన్ని అడ్డుకునే చిన్న బంతి గల చెక్ వాల్వ్ స్పౌట్‌లు కూడా ప్రాక్టర్ కేంద్రపు పరిశోధన నుంచి వచ్చినవే. సన్న గొట్టంతో వాటిని కలిపి వాడితే ధర పెరిగినా తీసుకోదగినదే. లోపలి రంధ్రం పెద్దదిగా చేసిన కొత్త రకం టీలు కూడా దొరుకుతున్నాయి, ఇప్పుడు మొదటిసారి కొనేవారు అవే అడిగి తీసుకోవాలి. ఈ నిర్వహణ ఖర్చు, శ్రమ లెక్కలో వేసుకున్న తరువాత ఈ గొట్టానికి నేనిచ్చేది 5లో 4 మార్కులు. శుభ్రం చేసే ఓపిక లేనివారికి అది రెండో ఏటికే 2కు దిగుతుంది.

నేను కొన్న దుకాణం గురించి రెండు మాటలు. ఫోనులో మాట్లాడిన ఉద్యోగి ఓపికగానే వివరించాడు, సరుకు సమయానికి వచ్చింది. అయితే వారు "వాలు నేల కిట్" అని అమ్మే పెట్టెలో గేజి లేదు, డ్రాప్ లైన్ కోసం ఇచ్చిన మెత్తని గొట్టం చెట్టుకు రెండు అడుగులకు మించి సరిపడలేదు. ప్రతి ఏడూ పాత రంధ్రానికి దూరంగా కొత్త రంధ్రం వేయాలంటే డ్రాప్ లైన్ కనీసం 30 అంగుళాలు ఉండాలి, పొట్టిగా ఉంటే రెండు మూడేళ్లలో మచ్చపడిన కలపలోకే డ్రిల్ దిగుతుంది, అక్కడ రసం ఉండదు. కిట్ కొనడం కన్నా రోల్, టీలు, స్పౌట్‌లు, గేజి విడివిడిగా లెక్కగట్టి కొనడం మంచిదని నా సలహా. పది అంగుళాల వ్యాసానికి తక్కువగా ఉన్న చెట్టుకు అసలు ట్యాపే వేయకూడదు కాబట్టి, ముందు టేపు పట్టుకుని చెట్లు కొలిచి, తరువాతే టీల సంఖ్య రాసుకోవాలి. దిగుడు కొలవడానికి ఫోనులోని యాప్‌లను నమ్మకుండా చేతిలో పట్టుకుని చూసే క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచే సాధనం) వాడితే, కింది చెట్టుకూ ట్యాంకుకూ మధ్య నిజంగా ఎన్ని అడుగులున్నాయో తెలుస్తుంది. ఆ అంకె 10కి తక్కువైతే బకెట్లతోనో, బ్యాటరీతో నడిచే చిన్న డయాఫ్రమ్ పంపుతోనో సరిపెట్టుకోవచ్చు.

ఇప్పటికే 5/16 గొట్టాలు వేసుకుని, పంపు లేకుండా నడుపుతున్నవారికి మరో మార్గం ఉంది. చెట్ల మధ్య ఉన్న పాత గొట్టాన్ని అలాగే ఉంచి, అన్నిటికంటే కింది ట్యాపు దాటిన తరువాత ట్యాంకు వరకు ఉన్న నిటారు భాగాన్ని మాత్రమే 3/16తో మార్చుకోవచ్చు. లాగుడు పుట్టేది ఆ దిగువ భాగంలోనే కాబట్టి వాక్యూమ్ చాలావరకు పైకి అందుతుంది, టీలన్నీ పెద్ద రంధ్రాలవే కనుక మూసుకుపోయే బెడద తగ్గుతుంది, కొనవలసింది ఒకటి రెండు రోల్స్ గొట్టం, ప్రతి వరుసకూ రెండు కొలతలనూ కలిపే ఒక ఫిట్టింగు. పైన ట్యాపులు మరీ ఎక్కువైతే ఆ ఒక్క సన్న దారి అంత రసాన్నీ మోయలేదు గనుక, అప్పుడు రెండు సన్న గొట్టాలను పక్కపక్కన దింపి, వరుసను రెండుగా విడగొట్టాలి.